మెడ కింద ముద్ర

కామరాజు మొహం చూస్తే కొండలరావుకి ఒళ్లు మండేది. కామరాజు చేతిలోని గిటారుని చూస్తే ఇంకా మండేది.

ఇద్దరూ రమణమూర్తి ఆర్కెస్ట్రాలో వాయించేవాళ్లే. డాక్‌యార్డులో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసే కొండలరావుకే చెయ్యి బాగా తిరుగుతుందని అక్కడ అందరికీ తెలుసు. తెలిసి ఏం లాభం? స్టేజీ ఎక్కగానే రమణమూర్తి మైకులో "అమెరికన్ గిటార్ మీద మన కామరాజు!" అని గొంతు చించుకునేవాడు. జనం ఈలలు వేసేవారు. కొండలరావు మాత్రం వెనక వరసలో కలకత్తాలో చేసిన చవక గిటారు పట్టుకుని, ఎవరికీ వినపడకుండా తీగలు గీకుతూ నిలబడేవాడు. ఏళ్ల తరబడి అలా నిలబెడితే ఎంత శాంతమూర్తికైనా కడుపు రగులుతుంది. కొండలరావు శాంతమూర్తి కూడా కాదు.

ఆ గిటారు కామరాజు తండ్రి దాలయ్య తెచ్చింది. దాలయ్య పోర్టులో సరుకు దించే కళాసీ. జబ్బుపడ్డ ఓడ మనిషినొకణ్ణి భుజాన వేసుకుని ఆసుపత్రిలో చేర్చినందుకు, ఆ తెల్లవాడు తన గిటారు ఇచ్చిపోయాడట. అది అరవైల నాటి అసలైన అమెరికా సరుకని దాలయ్య పోయేదాకా చెప్పాడు. కామరాజుకి తండ్రి మాటే వేదం.

"అమెరికా లేదు, గిమెరికా లేదు. ఎవుడో సేసిన నకలు సరుకది" అని కొండలరావు ఊరంతా చాటింపు వేశాడు. ఉక్కు టౌన్‌షిప్‌లో వినాయక చవితి ప్రోగ్రాం ముందు ఆ మాట కామరాజు చెవిన పడింది. గిటారు తెచ్చి రిహార్సల్ గదిలో అందరి ముందూ బల్ల మీద పెట్టాడు.

"ఇప్పు బావా. నీ సేత్తోనే ఇప్పి సూడు. మా నాన్న అబద్దమాడేడని తేలితే నాను ముందు వరసలోంచి తప్పుకుంతాను. నిజమని తేలితే నువ్వు ఆ మైకులోనే మా నాన్న పేరు సెప్పి సెంపలేసుకోవాల."

"నాకేటి భయం?" అన్నాడు కొండలరావు, స్క్రూడ్రైవర్ తీస్తూ.

గిటారు వయసు తేల్చాలంటే ముందు చూసేది వెనకవైపు, మెడను, అంటే తీగలు నొక్కే పొడుగు కర్రని, ఒంటికి బిగించిన రేకుని. కంపెనీ నంబరు దాని మీదే ఉంటుంది. ఈ రేకు మీద ఒక్క అంకె కూడా మిగల్లేదు. ఏటా దసరాకి ఆయుధపూజలో పీట మీద పెట్టేముందు, సముద్రపు గాలికి పట్టిన తుప్పు వదలాలని, కామరాజు తల్లి జోగమ్మ ఆ రేకుని దేవుడి గిన్నెలతో పాటే చింతపండూ ఇటుకపొడీ వేసి తోమేది. భక్తికొద్దీ తోమి తోమి నంబరంతా అరగదీసింది మహాతల్లి.

"నంబరేదిరా? మీయమ్మ సారులో కలిపేసిందేటి?"

గదిలో అందరూ నవ్వారు. కామరాజు మొహం నల్లబడింది.

"మాయమ్మ జోలికెల్లకు. పని సూడు."

కొండలరావు స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో స్క్రూల తుప్పు తుడిచి, ముందువైపు రేకు విప్పాడు. లోపల గుడ్డ చుట్టిన పాతకాలపు వైర్లు కనబడ్డాయి. టంకం మీద రెండోసారి చెయ్యి పెట్టిన జాడ లేదు. రోజూ అదే పని చేసే మనిషి కనుక అది నకలు కాదని చూడగానే తెలిసిపోయింది. ఇక మిగిలింది మెడ. కామరాజు చూడలేక గోడవైపు తిరిగాడు. మిగతావాళ్లు టీ గ్లాసులు అందుకుంటున్నారు. కొండలరావు మెడ ఊడదీసి కిటికీ దగ్గరికి పట్టుకెళ్లాడు.

మెడ అడుగున, ఒంట్లో దూరి ఉండే చోట, కంపెనీవాళ్లు వేసిన నీలం సిరా ముద్ర ఉంది. మార్చి, అరవై మూడు.

దాలయ్య నిజమే చెప్పాడు. ఆ ముసలాడి మీద కొండలరావుకి అప్పుడు పుట్టినంత కోపం ఎప్పుడూ పుట్టలేదు. మైకు ముందు చెంపలేసుకోవడం, జనం ఈలలు, కామరాజు నవ్వు, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. చేతిలో స్పిరిట్ గుడ్డ ఉండనే ఉంది. ముద్ర జాడ లేకుండా గట్టిగా రుద్దాడు.

"ఏటీ లేదు. బోడి కర్ర. కావలిస్తే సూసుకోండి."

కామరాజు వచ్చి చూశాడు. వేలితో తడిమాడు.

"ఆసుపత్రి మంచం మీద కూడా అదే మాట సెప్పేడు బావా. పేనం పోయేముందు కూడా అబద్దమాడేడు ముసలోడు."

ముందు వరస వదిలేయడమే కాదు, గిటారు కూడా బల్ల మీదే వదిలేసి లేచాడు. "నువ్వే ఉంచుకో. ఆ దొంగ సరుకు నా ఇంట్లో ఒద్దు."

చవితికి కొండలరావు ముందు వరసలో, ఆ గిటారుతోనే నిలబడ్డాడు. రమణమూర్తి మైకు అందుకుని, "మన డూప్లికేట్ అమెరికన్ గిటార్ మీద కొండలరావు!" అన్నాడు. జనం పగలబడి నవ్వారు. కొండలరావు ప్రాణం పెట్టి వాయించాడు. అలాంటి నాదం ఆ స్టేజీ మీద ఎన్నడూ పలకలేదు. దిగాక, "డూప్లికేటైనా పర్లేదు, బాగానే మోగింది" అన్నాడు రమణమూర్తి.

"డూప్లికేట్ కాదు. ఒరిజినలే."

"నీదయ్యేసరికి ఒరిజినలైపోయిందేటి?"

ఆర్కెస్ట్రా అంతా గొల్లున నవ్వింది. ఆ తర్వాత ఏ ప్రోగ్రాంకి వెళ్లినా అదే పేరు, అదే నవ్వు. చివరికి కొండలరావు ఉండబట్టలేక కామరాజు ఇంటికి వెళ్లాడు. గుమ్మంలోంచే లోపలి గోడ కనిపించింది. దాలయ్య ఫొటో ఉండాల్సిన చోట మేకు మాత్రమే ఉంది.

"అది అసలైందే బావా. మీ నాన్న సెప్పిందే నిజం. మెడ కింద ముద్ర ఉంది. నా కళ్లతో సూసేను."

"ఏదీ, సూపించు."

కొండలరావు నోరు తెరిచాడు. తానే తుడిచేశానని చెప్పబోయి, "నా మాట నమ్ము బావా" అన్నాడు.

"మా నాన్నా ఇలాగే సెప్పేవోడు" అన్నాడు కామరాజు. "సూపించడానికి ఆడి దగ్గరా ఏటీ లేదు."

తలుపు మొహం మీదే పడింది.