పూలమ్మ పాటలో మాటలు

ఆదివారం మధ్యాహ్నం మా హాలు హాలులా ఉండదు. అల్మాస్‌గూడలో ఉన్న మా చిన్న ఇంట్లో సోఫాలు గోడకు జరుగుతాయి. మా ఆయన వీరేందర్ కీబోర్డూ ల్యాప్‌టాపూ పరుచుకుని కూర్చుంటాడు. అతని దోస్తు స్టీవెన్ చర్చి ముగించుకుని మీర్‌పేట్ నుంచి గిటారుతో దిగుతాడు. మా మామగారి అన్న, అంతయ్య పెద్దమామయ్య, ఢోలక్ ముందు బాసింపట్టు వేస్తారు. దీనికి వాళ్లు పెట్టుకున్న పేరు బ్యాండు. పేరు ఏది పెట్టినా టీ నేనే పెట్టాలి.

ఆ నెలలో బ్యాండుకు ఒక పని పడింది. పెద్దమామయ్యకు చెవులు వినబడటం తగ్గుతోంది. ఉన్న వినికిడి కూడా ఎక్కువ కాలం నిలవదని ఎల్బీ నగర్‌లో డాక్టరు చెప్పాడు. ఆయన ఇంటికొచ్చి రెండు రోజులు ఢోలక్ ముట్టలేదు. మూడో రోజు వీరేందర్‌ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"మీ పెద్దమ్మ కలుపులల్ల ఒక పాట కట్టిందిరా. నేను గట్టు మీదికి రాంగనే ఆడోళ్లంత బందు చేసేటోళ్లు. మాట ఒక్కటి సుత నాకు తెల్వది. చెవులు పోకముందు ఒక్కసారి ఇనాలె."

ఆయన భార్య, మా పెద్దత్త, పోయి తొమ్మిదేళ్లు. ఆ పాట ఇప్పుడు ఒక్కరికే వచ్చు. ఆమె పక్కన నడుం వంచి కలుపు తీసిన యారాలికి, అంటే తోడికోడలైన మా అత్తమ్మ పూలమ్మకు.

"అక్క పాట గద," అని అత్తమ్మ ఒప్పుకుంది. మూడు ఆదివారాలు పాడింది. మూడుసార్లూ రికార్డింగులో ఢోలక్ వచ్చింది, గిటారు వచ్చింది, మా కుక్కరు విజిల్ చాలా స్పష్టంగా వచ్చింది. అత్తమ్మ గొంతు మాత్రం పక్కింట్లో ఎవరో దుప్పటి ముసుగేసుకుని పాడుతున్నట్టు వచ్చింది. పెద్దమామయ్య హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని విని, తీసి మెల్లగా పక్కన పెట్టేవారు. "మంచిగనే ఉన్నది బిడ్డా," అనేవారు. ఆ 'మంచిగనే'లో మాటలు అందలేదన్న సంగతి పొయ్యి దగ్గరికి కూడా వినబడేది.

వీరేందర్ తగ్గలేదు. వీడియోలు చూసి, గది మోత తగ్గాలని గోడలకు గుడ్ల అట్టలు అంటించాడు. అట్టలు ఖాళీ చేయడానికి మేం వారాల తరబడి కోడిగుడ్డు కూరే తిన్నాం. దిల్‌సుఖ్‌నగర్ పోయి కొత్త మైకు తెచ్చాడు.

"అన్నా, కీబోర్డు జర తగ్గియ్యి. అమ్మ గొంతు మీద పడుతున్నది," అన్నాడు స్టీవెన్.

"ముందుగాల నీ గిటారు తగ్గియ్యి. పెండ్లి బరాత్ అనుకుంటున్నవా?"

"మరి ఢోలక్?"

"పెద్దబాపుకు నువ్వే జెప్పు, దమ్ముంటే."

దమ్ము ఇద్దరికీ లేదు. స్టీవెన్ తీగల కింద చేతిరుమాలు దోపుకుని వాయించాడు. వీరేందర్ తెర మీది గీతల్ని పైకీ కిందికీ లాగి గొంతుకు పదును పెంచాడు. రోడ్డు మీది ఆటో హారనుకు కూడా పదును పెరిగింది. అత్తమ్మ మాటలు అలాగే ఉండిపోయాయి.

నాలుగో ఆదివారం టీ పట్టుకెళ్లి గుమ్మంలో ఆగాను. వీరేందర్ కళ్లు తెర మీద. స్టీవెన్ కళ్లు తన వేళ్ల మీద. పాడే మనిషిని చూసేవాళ్లు లేరు. అత్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పాడుతోంది.

ఎదురుగా ఉన్నది ఆమెకు బావగారు మరి. నలభై ఏళ్లుగా ఆయన గదిలోకి వస్తే ఆ కొంగు దానంతటదే పైకి లేస్తుంది. చూసి చూసి అది ఎవరికీ కనబడదు. పదకొండేళ్లుగా కోడలిని, నాకే కనబడలేదు.

వంటింట్లో మెల్లగా అడిగాను.

"అత్తమ్మా, కొంగు తీసి పాడరాదు?"

"ఏంది, బావ ముందటనా? నోరు తెరిసి?" కడుగుతున్న గ్లాసు ఆగింది. "అది సుత ఎసొంటి పాట? అక్క ఆయనను ఎక్కిరిచ్చుకుంట కట్టింది. మామా, మామా అని ఉన్నది. బావను పట్టుకుని నేను మామా అని ఎట్ల అంట?"

"ఆయనకు మాటలు ఇనాలని ఉన్నది గద."

"నాకు తెల్వదా?" గొంతు తగ్గింది. "ఆయన ఇనాలని నాకూ ఉన్నది పిల్లా. గాని నోరొస్తలేదు."

ఈ సంగతి హాల్లో చెబితే అత్తమ్మ మళ్లీ హాల్లోకే రాదు. చెప్పకపోతే పెద్దమామయ్య 'మంచిగనే' అంటూనే ఉంటారు. కాబట్టి అబద్ధమాడాను.

"ఒక వీడియోల చూసిన," అన్నాను వీరేందర్‌తో. "ఢోలక్ ముందుగాల వేరే రికార్డు చెయ్యాల్నట. పాట తర్వాత, ఇంకో రూముల, తలుపులేసి."

"ఎవరి వీడియో?"

"ఎవరో తెల్లాయన. గడ్డమున్నది."

మా ఆయన పెళ్లాం మాట వినడు కానీ గడ్డం మాట వింటాడు.

ఢోలక్ అయిపోగానే పెద్దమామయ్యను వరండాలో కూర్చోబెట్టి, పడకగది తలుపు వేసి, కిటికీకి బొంతలు కట్టాను. లోపల అత్తమ్మ, నేను, మైకు. ఇయర్‌ఫోన్‌లో ఢోలక్ మొదలుకాగానే ఆమె చెయ్యి నోటి దగ్గరికి పోయింది.

"కొంగు నడుముకు చెక్కుకో అత్తమ్మా. కలుపుకు దిగినట్టు."

చెక్కుకుంది. "ఆయనకు ఇనరాదు గద?"

"ఇప్పుడైతే ఇనరాదు. తర్వాత మిషన్ల ఇంటరు."

ఆమె కొంగు ఇంకాస్త బిగించింది. "మిషన్ల ఇంటె ఇననియ్యి. మిషన్ నాకు బావ అయితదా ఏంది?"

పాడింది. ఇంత గొంతు ఇన్నేళ్లూ ఆ గుడ్డ వెనక ఎలా పట్టిందో! నేను మైకును జానెడు వెనక్కి జరపాల్సి వచ్చింది.

సాయంత్రం పెద్దమామయ్యకు హెడ్‌ఫోన్లు పెట్టారు. "ఢోలక్ వేరు చేసుడే అసలు సంగతి," అన్నాడు వీరేందర్ స్టీవెన్‌తో, తనే కనిపెట్టినట్టు. నేను టీ అందించాను. ఆయన చెవుల కోసం పెంచిన మోతకు పాట హెడ్‌ఫోన్లలోంచి మా దాకా పొంగుతోంది.

*సంతకు పోయిన మామా, సన్నగాజులు మరిచిన మామా,*
*మరిచితె మరిచితివి గాజులు, మాపటికి గడప మరువకు మామా.*

వంటింట్లో అత్తమ్మ గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

పెద్దమామయ్య కళ్లు తెరిచారు. తడిగా ఉన్నాయి. కొంచెం కోపంగానూ ఉన్నాయి.

"నేను మర్శిపోలే," అన్నారు. చెవులు మూసి ఉన్నాయేమో, మాట వీధిదాకా వినబడింది. "గాజుల దుకాణం బందుండె ఆ దినం. ఎంత చెప్పినా నమ్మకపాయె."

జవాబు అందులోనే ఉన్నట్టు ఆయన హెడ్‌ఫోన్లను రెండు చేతులతో చెవులకు అదుముకున్నారు.

"మల్ల పెట్టు బిడ్డా. ఇంకేమేం అన్నదో ఇంటా."