తాడు పట్టే చెయ్యి

మా అడవిని కాపాడాలని ముందు మమ్మల్నే బయటికి పంపారు. రోడ్డు పక్కన వరుసగా గదులు కట్టించి ఇచ్చారు. గోడలు గట్టివే, పక్కవాడు దగ్గినా వినపడదు. వేట మానేయమన్నారు, దుంపలు తవ్వొద్దన్నారు. మిగిలింది తేనె తీసే అనుమతి ఒక్కటే. ఈ ఏడు కూడా ఎవరూ చెట్టెక్కకపోతే ఆ అనుమతి కూడా రద్దేనని, ఇక అడవిలోకి అడుగు పెట్టనివ్వరని ఫారెస్టు ఆఫీసరు చెప్పాడు. కుర్రాళ్లంతా పట్నంలో పనులకు పోయారు. ఎక్కడం వచ్చినవాణ్ని నేనొక్కణ్నే మిగిలాను.

మాలో తేనెకు ఎక్కినవాడి తాడు కింద బావమరిదే పట్టుకోవాలి. సొంత అన్నదమ్ములు కూడా పనికిరారు. పైవాడు పడితే ఒంటరయ్యేది తన అక్కే కాబట్టి వాడి పట్టు సడలదని నమ్మకం. అందుకే పట్నంలో హోటల్ బట్టలు ఇస్త్రీ చేసే మా బావమరిది దగ్గరికి వెళ్లాను. వాడు ఆవిరిలో నిలబడి దుప్పట్లు మడతపెడుతూ అంతా విన్నాడు.

“నేను రాలేను బావా.”

“సెలవివ్వరా ఏంటి?”

“ఇస్తారు. అక్క ఉన్నప్పుడు అరచేతులు కోసుకుపోయినా తాడు వదల్లేదు. ఇప్పుడు అక్క లేదుగా. ఆ పట్టు నా చేతుల్లో ఉందో లేదో నాకే తెలీదు.”

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ ఊరికే అనేది కాదు. “అంటే నన్ను పడేస్తావట్రా?” అని అరిచాను.

“ఎందుకు పడేస్తాను? మాటివ్వలేనంటున్నాను, అంతే. అబద్ధం చెప్పి రమ్మంటావా?”

దారంతా వాణ్ని తిట్టుకుంటూనే వచ్చాను గానీ, వాడి మాటలో తప్పు దొరకలేదు. భార్య చనిపోయినప్పుడు ఒక్క మనిషే పోయిందనుకున్నాను. వాడు కూడా ఆమెతోనే పోయాడని ఇప్పుడు తెలిసింది.

నా సంగతి విని ఆఫీసరు కొత్త బెల్టొకటి తెచ్చాడు. కాలు జారితే కొక్కెం దానంతటదే బిగుసుకుంటుందట, కింద మనిషి అక్కర్లేదట. పొగ పెట్టి ఎక్కాను. సగం ఎక్కాక పైవాడు “ఉన్నావా?” అని అరవాలి, కిందివాడు “ఉన్నా” అనాలి. నోటికి అలవాటైపోయిన మాట, ఆపుకోలేక అరిచేశాను.

“బెల్టుంది కదా, భయపడకు!” అన్నాడు ఆఫీసరు, ఫోనులోంచి తలెత్తి.

భయమని ఎవరన్నారు? కొమ్మను కావలించుకుని, ఆవిడ పోయాక మొదటిసారి ఏడ్చాను. కళ్లు తుడుచుకుని తేనెపట్టు కోశాను. అనుమతి నిలిచింది.

కిందికి దిగగానే ఆఫీసరు నా భుజం తట్టాడు. “చూశావా, ఇక నీకు ఎవరి అవసరమూ లేదు” అన్నాడు, ఎంతో సంతోషంగా.