వెనక బెంచోళ్లకు వినబడాలె

నగేష్ సార్ దరఖాస్తు చూడగానే ఇంద్రజకు ఒళ్లు మండింది. మిర్యాలగూడలో ఆయన పనిచేసే బడి మూతపడిందట, సూర్యాపేటలో ఎవరూ తీసుకోలేదట. తిరిగి తిరిగి కోదాడలో ఆమె ఇంగ్లిష్ విభాగం చూసే కాలేజీకే వచ్చిపడ్డాడు.

ఇంద్రజ ఏడో తరగతి చదివేటప్పుడు, రెండు వాక్యాలు కలిపే పాఠం చెబుతూ ఆయన ఆమెను నిలబెట్టాడు. "దిస్ ఈజ్ ఇంద్రజ. హర్ ఫాదర్ క్లీన్స్ గట్టర్స్. హూజ్ పెట్టి కలుపు. గట్టిగ చెప్పు, వెనక బెంచోళ్లకు వినబడాలె."

కలిపింది. క్లాసంతా పగలబడి నవ్వింది, అందరికంటే ముందు సారే నవ్వాడు. ఆ బడి వదిలేదాకా ఆమెను "హూజ్ ఫాదర్" అనే పిలిచారు. మోరీలు తీసే తండ్రి ఈదయ్య ఆ సంగతి తెలిసి మళ్లీ బడి వైపు రాలేదు. పాము పగ అంటారు గానీ, ఇంద్రజ పగ ముందు అదెంత?

ఉద్యోగానికి వచ్చినవాళ్లు ముందు పిల్లలకు ఒక పాఠం చెప్పి చూపాలి. దాన్నే డెమో అంటారు. ఎవరిని తీసుకోవాలో ఇంద్రజదే చివరి మాట. ఆయనకు ఏరికోరి అదే పాఠం ఇచ్చి, వెనక బెంచీలో కూర్చుంది. ఆయన గుర్తుపట్టలేదు. మనిషి మారి ఉంటే పోనీలే అనుకుందామని మనసులో ఒక మూల ఉంది కూడా.

సార్ సుద్దముక్క తీసుకుని ముందు బెంచీ పిల్లను లేపాడు.

"మీ నాయన ఏం చేస్తడమ్మా?"

"హోటల్ల గిన్నెలు కడుగుతడు సార్," అంది ఆ పిల్ల తల వంచుకుని.

సార్ ముఖంలో అదే పాత నవ్వు. కుక్క తోక వంకర ఎక్కడికి పోతుంది?

ఇంద్రజ లేచింది. "ఆ బిడ్డను కూసోనియ్యుండ్రి సార్. వాక్యాలు నేనిస్త, రాయుండ్రి. దిస్ ఈజ్ నగేష్ సార్. హిస్ జాబ్ ఈజ్ ఇన్ ఇంద్రజాస్ హ్యాండ్స్."

ఆ పేరు దగ్గర ఆయన చెయ్యి ఆగింది. వెనక్కి తిరిగి చూశాడు.

"నువ్వు... ఈదయ్య బిడ్డవా?"

"హూజ్ పెట్టి కలుపుండ్రి. గట్టిగ సదవుండ్రి సార్, వెనక బెంచోళ్లకు వినబడాలె."

కలిపాడు. గట్టిగా చదివాడు. పిల్లలు కిసుక్కుమన్నారు, ముందు బెంచీ పిల్ల అయితే పడీపడీ నవ్వింది. ఇంద్రజ కడుపు చల్లబడింది. జాలి కోసం లోపల వెతికింది గానీ ఇసుమంతైనా దొరకలేదు.

"జర పెద్దమనసు చేసుకో బిడ్డా. ఇల్లు గడుస్తలేదు," అన్నాడాయన మెల్లగా.

"మా నాయన ఇగ మీ బడి గేటు తొక్కలే సార్. మీరు గూడ మా గేటు తొక్కకుండ్రి."