నా భార్య ముసలితనం

నా భార్య తన ఒంట్లో ముక్క ఒకటి నాకు చెప్పకుండా పరాయి మగాడికి ఇచ్చింది. ఇందులో అనుమానం లేదు. కాగితం మీద ఆమె సంతకం ఉంది. చూశాను.

ముక్క పెద్దది కాదు. పెసరగింజంత చర్మం. ఎడమ చెయ్యి లోపలివైపు, మోచేతికి పైన. కట్టు చూసి ఏమయిందని అడిగితే కొట్టులో ఇనుప కమ్మీ గీసుకుందని చెప్పింది. నాది సైకిళ్లు బాగుచేసే కొట్టు. ఆ రోజే కమ్మీలన్నీ పైకెత్తి గోడకు కట్టేశాను. మూడేళ్లు ఆ మచ్చ కంటపడినప్పుడల్లా తప్పు నాదే అనుకున్నాను. తర్వాత ఆమె పోయింది. నలభై నాలుగేళ్లకు, గుండె ఆగి, ఒక్క మాటైనా లేకుండా. ఆ తర్వాత ఎనిమిదేళ్లు కూడా ఆ తప్పు నాదే అనుకున్నాను.

మొన్న ముసలితనం మీద పనిచేసే పరిశోధనశాల నుంచి ఒక డాక్టరు ఉత్తరం రాశాడు, ఆమె సంతకం ఉన్న కాగితం నకలు జతచేసి. మీ భార్య ఇచ్చిన కణాలను ఇంకా పెంచుతున్నాం, ఇకమీదట ఉంచాలంటే వారసుడిగా మీ అనుమతి కావాలి అని. నేను ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. 'ఇంకా పెంచుతున్నాం' అన్న మాట అర్థం చేసుకోవడానికి ఆ చదువు సరిపోయింది.

నా భార్య చెల్లెలు మా వీధిలోనే ఉంటుంది. ఉత్తరం తీసుకెళ్లి ఆమె ముందు పడేశాను.

"ఇదా? నాకు తెలుసు బావా," అంది మరదలు. "తోడు వెళ్లింది నేనేగా. ఆ తర్వాత కూడా ఏడాదికి రెండుసార్లు రమ్మనేవాళ్లు. రక్తం తీసుకునేవాళ్లు, పిడికిలి బలం చూసేవాళ్లు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే వెళ్లనిచ్చేవాడివా?"

వెళ్లనిచ్చేవాణ్ని కాదు. అయితే మాత్రం?

"ఆ డాక్టరు ఎలాంటివాడు?"

"బంగారం లాంటి మనిషి. అక్క జోకులకి కడుపు పట్టుకుని నవ్వేవాడు."

ఇరవై ఒక్క ఏళ్ల కాపురంలో నా ముందు ఆమె ఒక్క జోకూ వేయలేదు.

"ఏం జోకులు?"

"ఎక్కువగా నీమీదే బావా."

మర్నాడే వెళ్లాను. మరదలు రావద్దన్నా వచ్చింది. డాక్టరుకు డెబ్బై ఏళ్లుంటాయి. బట్టతల, చెవుల్లో వెంట్రుకలు, మెడకు వేలాడే కళ్లజోడు. నేనెవరో చెప్పగానే రెండు చేతులూ పట్టుకున్నాడు. లాక్కున్నాను.

లోపల గదిలో వెచ్చటి పెట్టె ఒకటి ఉంది. దాని తలుపు తీసి, అరచేతిలో పట్టే చదునైన సీసా బయటికి తీశాడు. అడుగున గులాబీరంగు నీళ్లు. మూత మీద పేరు లేదు. 52 అని అంకె ఉంది. కణాలు పెరిగి సీసా నిండినప్పుడల్లా కొన్నిటిని తీసి కొత్త సీసాలో వేసి అంకె ఒకటి పెంచుతారట.

"పేర్లు రాయకూడదండీ, అది నియమం," అన్నాడు. "మాలో మేం మాత్రం నవ్వులమ్మ అనుకుంటాం."

నా భార్యకు ముద్దుపేరు పెట్టే హక్కు ఇతనికి ఎవరిచ్చారు?

దీపాలు ఆర్పి సూక్ష్మదర్శిని దగ్గర కూర్చోబెట్టాడు. కణం లోపల గింజలాంటిది ఒకటి ఉంటుంది, దాన్నే కేంద్రకం అంటారు, కనబడాలని నీలిరంగు వేశాం అని చెప్పాడు. కన్ను పెట్టాను. చీకట్లో నీలంగా వెలుగుతున్న బిళ్లలు. ముప్పై ఏళ్లుగా నేను చేసే పని చక్రాలకు బెండు తీయడం. వెంట్రుకవాసి వంకర ఉన్నా నా కన్ను పట్టేస్తుంది.

"బెండు ఉంది," అన్నాను. "ఒక్కటీ గుండ్రంగా లేదు. ఇదిగో, ఇక్కడ సొట్ట. ఇక్కడ ముడత."

"అమ్మో! కొత్తగా చేరినవాళ్లకి అది పట్టుకోవడానికి నెలలు పడుతుందండీ."

"మీరు సరిగ్గా చూసుకోలేదు. అందుకే ఇలా అయింది."

డాక్టరు నవ్వలేదు. మొదటి ఏడాది తీసిన ఫొటో తెచ్చి పక్కన పెట్టాడు. అందులో అన్నీ నున్నగా, నిండుగా ఉన్నాయి.

"చూసుకోకపోవడం కాదండీ. వయసు. కేంద్రకం గోడకి లోపలివైపు సన్నటి వల ఉంటుంది. దాన్ని గుండ్రంగా నిలబెట్టేది అదే."

"స్పోకులు."

"అలాగే అనుకోండి. కణం విడిపోయి విడిపోయి ముసలిదయ్యేసరికి ఆ వల దెబ్బతింటుంది. గోడ ముడతలు పడుతుంది, కేంద్రకం ఉబ్బుతుంది. ఇక విడిపోదు. బతికి మాత్రం ఉంటుంది. ఎవరి దగ్గరున్నా ఇంతే. మీ దగ్గరున్నా ఇంతే."

నా దగ్గరున్నా ఇంతేనట. నా దగ్గర ఎక్కడుంది? నా దగ్గర ఆమెకు తల నెరవలేదు. మోకాళ్ల నొప్పి అనలేదు. కళ్లజోడు ఎక్కడ పెట్టానని నన్ను అడగలేదు. అవన్నీ నాకు రావలసినవి. ఆమె ముసలిదయింది, ఇతని దగ్గర. వెచ్చటి పెట్టెలో, ఇతను రోజూ తలుపు తీసి పలకరిస్తుంటే.

"బావా," అంది మరదలు మెల్లగా. "అక్క రెండో మొగుణ్ని చూసినట్టు చూస్తున్నావేంటి ఆయన్ని? అవి చుక్కలు. నీలం చుక్కలు."

అంతటితో ఆగితే ఏం చేసేవాణ్నో చెప్పలేను. డాక్టరే ఆగలేదు.

"దిగులుపడకండి. మొదటి ఏడాదివి చలిపెట్టెలో ఇంకా ఆరు గొట్టాలున్నాయి. ఒకటి కరిగించి పెంచితే మళ్లీ మొదటినుంచీ మొదలవుతుంది. గుండ్రంగా!"

మొహం వెలిగిపోతూ చెప్పాడు. అంటే ఇతను ఆమెను ఇంకా ఆరుసార్లు పడుచుదనం నుంచి ముసలితనం దాకా చూస్తాడు. నాకు ఒక్కసారే దక్కింది, అదీ సగం.

కాగితం అడిగాను. 'నిరాకరిస్తున్నాను' అన్నచోట సంతకం పెట్టాను. కారణం రాయమన్న గడి ఖాళీగా వదిలేశాను.

"ఒక్కసారి ఆలోచించండి," అన్నాడు. "ఇచ్చిన మనిషి గురించి ఇన్ని వివరాలున్న కణాలు మా దగ్గర ఇంకెవరివీ లేవు."

"పారబోయండి. నా ఎదురుగా."

గొట్టాలు చిటికెన వేలంత ఉన్నాయి, చలికి పొగలు కక్కుతూ. ఒక్కొక్కటే కణాల్ని చంపే మందునీళ్ల తొట్లో వేశాడు. సీసా దగ్గరికి వచ్చేసరికి అతను ఆగిపోయాడు. నేనే చెయ్యి చాపాను. బయటివాళ్లు ముట్టుకోకూడదట. ఇక్కడ బయటివాడు ఎవరని అడిగాను. చేతితొడుగులు ఇచ్చి పక్కకు జరిగాడు. మూత తిప్పి నేనే మందు పోశాను. గులాబీరంగు విరిగి నీళ్లయింది. ఎంతోసేపు పట్టలేదు.

డాక్టరు కళ్లజోడు తుడుచుకున్నాడు. మొగుణ్ని నేను. తుడుచుకున్నది అతను.

"ఫొటోలు మిగులుతాయండీ," అన్నాడు. "అచ్చయినవి వెనక్కి తీసుకోలేం. మీకు ఒకటి ఇవ్వనా?"

గుండ్రటి కేంద్రకాల ఫొటో చాపాడు. అది కాదని, ముడతలు పడ్డవాటి ఫొటో తీసుకున్నాను. గుమ్మందాకా వచ్చి వెనక్కి తిరిగాను.

"దీనికి నకలు ఉందా?"

"ఉందండీ."

బల్లమీద పెట్టేశాను. ఇంకొకడి దగ్గర నకలున్న భార్య నాకొద్దు.

వీధిలోకి వచ్చాక మరదలు ఏడ్చింది. "అక్కని మళ్లీ చంపావు బావా," అంది.

"మొదటిసారి చంపింది నేను కాదు," అన్నాను.

తర్వాత ఆమె రెండుసార్లు ఇంటికి వచ్చి ఆ మాటే ఎత్తింది. రెండోసారి తలుపు దగ్గరే ఆపేశాను. దీని గురించి అయితే మా గడప తొక్కవద్దని చెప్పాను. ఆమెకైనా, డాక్టరుకైనా, ఇంకెవరికైనా అదే మాట. జరిగింది రాశాను. ఇక నోటితో ఎవరికీ చెప్పను.