ఊ అన్న పాపానికి

నాకు కళ్లజోళ్ల షాపు ఉంది. కళ్లు పరీక్షించి, అద్దాలు అరగదీసి, ఫ్రేములో బిగించి ఇస్తాను. వచ్చిన ప్రతివాళ్లకీ ఒకటే పాఠం. "ఫోను అదేపనిగా చూడకండి, మధ్యమధ్య కిటికీలోంచి దూరంగా చూడండి, కళ్లార్పడం మరిచిపోకండి." వాళ్లు బుద్ధిగా తలూపి గుమ్మం దాటేలోపే నా చెయ్యి కౌంటరు కిందికి వెళ్లిపోయేది. శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారు. నేను పడటమే కాదు, అందులో ఈత కూడా నేర్చుకున్నాను.

ఫోనులో రాచకార్యాలేమీ లేవు. ఎవడో తుప్పు పట్టిన కత్తిని తోమి, రుద్ది, పదునుపెట్టి, దాంతో కాగితం కోసి చూపించేవాడు. అది చూసేవాణ్ణి. తర్వాత గొడ్డలి. ఆ తర్వాత ఇంకో కత్తి. మా వంటింట్లో కూరగాయల కత్తి మొద్దుబారి ఏడాదైంది. దాని జోలికి మాత్రం పోలేదు.

ఇంట్లోవాళ్లతో మాట్లాడేవాణ్ణి కాదా అంటే, మాట్లాడేవాణ్ణి. "ఊ" అనేవాణ్ణి. అందులో నాది అందెవేసిన చెయ్యి. ప్రశ్నకి ఒక ఊ, ఫిర్యాదుకి కాస్త సాగదీసిన ఊ, విషాదానికి ముక్కులోంచి వచ్చే ఊ. మాట చెవిన పడక్కర్లేదు. గొంతు హెచ్చుతగ్గులు తెలిస్తే చాలు, తగిన ఊ దానంతటదే వచ్చేసేది.

ఒక సోమవారం పొద్దున ఒక చేత్తో టీ కప్పు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని హాల్లోకి వచ్చేసరికి గుమ్మం దగ్గర పెద్ద సూట్‌కేసు ఉంది. పక్కనే మా ఆవిడ చెప్పులు వేసుకుంటోంది.

"ఎక్కడికి?" అన్నాను.

"ట్రైనింగుకి."

మా ఆవిడ పిల్లల ఆసుపత్రిలో నర్సు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని చూసుకునే వార్డు. ఆ పనికే వేరే ఊళ్లో ఆరు వారాల ట్రైనింగు.

"ఆరు వారాలా? నాకు చెప్పనేలేదే?"

"చెప్పానండీ. నా పేరు వచ్చిన రోజే చెప్పాను. టికెట్ కొనేముందు అడిగాను. మొన్న భోజనాల దగ్గర కూడా, వెళ్లమంటారా, మానెయ్యమంటారా అన్నాను."

"నేనేమన్నాను?"

"ఊ అన్నారు."

సాక్ష్యం కోసం మా అమ్మాయి వైపు చూశాను. ఏడో క్లాసు. సోఫాలో కూర్చుని బూటు లేసు కట్టుకుంటూ తలెత్తకుండానే చెప్పింది. "ఒకసారి 'మంచిదే' అని కూడా అన్నావు నాన్నా."

అది నాకు గుర్తొచ్చింది. ఆ మాట నేను గొడ్డలి గురించి అన్నాను.

మా ఆవిడ కోప్పడి ఉంటే బాగుండేది. కోపానికి ఏదో ఒక సమాధానం ఉంటుంది. తను మాత్రం వానొస్తుందేమో గొడుగు పెట్టుకోండి అన్నంత మామూలుగా, "సాయంత్రానికి మా నాన్న వస్తారు, మీకు తోడుగా. అదీ చెప్పాను" అని, కూతురి తల నిమిరి, టాక్సీ ఎక్కి వెళ్లిపోయింది. నేను తేలు కుట్టిన దొంగలా గుమ్మంలో నిలబడ్డాను. చేతిలో టీ చల్లారిపోయింది. ఇంత జరిగాక లోపలికొచ్చి నేను చేసిన మొదటి పని ఏమిటంటే, ఫోను చూడటం.

సాయంత్రం మామగారు వచ్చారు. ఆయన బతుకంతా పెద్ద పెద్ద భవనాల్లో లిఫ్టులు బాగుచేశారు. రిటైరయ్యాక ఆ లిఫ్టుల్లో చిక్కుకున్న మనుషుల గురించి చెప్పడం మొదలుపెట్టారు. ఆ రాత్రి భోజనాలయ్యాక ముగ్గురం హాల్లో కూర్చున్నాం. ఆయన ఒక పెళ్లి హాలు కథ ఎత్తుకున్నారు. నేను వినయంగా ఒళ్లో ఫోను పెట్టుకుని ఊ కొడుతున్నాను.

"తలుపు తెరిచేసరికి అల్లుడుగారూ, లోపల్నుంచి ముందు ఫోటోగ్రాఫరు దిగాడు."

"ఊ."

"ఆ వెనక పెళ్లికొడుకు దిగాడు."

"ఊ."

"ఆ వెనక ఏనుగు దిగింది."

"ఊ."

"పాపం, దానికి చెమటలు పట్టేశాయి."

"అయ్యో" అన్నాను, ముక్కులోంచి.

మా అమ్మాయి పొట్ట పట్టుకుని సోఫా మీద పడిపోయింది. నేను తలెత్తేసరికి మామగారు ప్రశాంతంగా కళ్లజోడు తుడుచుకుంటున్నారు. అది నేనే చేసిచ్చిన కళ్లజోడు.

"క్షమించండి మామగారూ" అన్నాను.

"పరవాలేదు బాబూ. ఏనుగు కూడా ఏమీ అనుకోలేదు."

ఇది ఇంటితో పోయుంటే నేను బాగుపడేవాణ్ణో లేదో. ఆ వారంలోనే షాపులో పరువు పోయింది. డ్రైవింగ్ నేర్పే ఒకాయన కొత్త కళ్లజోడు తీసుకెళ్లి మర్నాడే తిరిగొచ్చాడు. గోడ పట్టుకుని నడుస్తూ వచ్చాడు.

"మెట్లు దిగుతుంటే మెట్లే పైకొస్తున్నాయండీ" అన్నాడు.

తీసి చూశాను. కుడికంటి అద్దం ఎడమవైపు, ఎడమకంటి అద్దం కుడివైపు బిగించాను. అద్దాలు అరగదీసే మిషను పక్కన ఫోను ఆనించి పెట్టుకుని పనిచేసిన ఫలితం. ఆయన ఆ జోడుతో గాని బండెక్కి ఉంటే? నేను అడక్కముందే ఆయనే చెప్పాడు. "అదృష్టం, మా ఇంటి మెట్ల దగ్గరే తెలిసిపోయింది." అద్దాలు మళ్లీ చేసిచ్చి డబ్బు వెనక్కివ్వబోతే తీసుకోలేదు. "కాస్త చూసి చెయ్యండి" అన్నాడంతే. చూసి చెయ్యమని కళ్లజోళ్లవాడికి చెప్పాల్సి రావడం కంటే అవమానం ఏం కావాలి?

ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. మొదట, ఫోను వాడకం తగ్గించే యాప్ ఒకటి ఫోనులోనే వేసుకున్నాను. ఎంతసేపు చూశానో అది లెక్క చెప్పేది. తగ్గిందా లేదా అని ఆ లెక్కని పదేపదే చూసుకోవడంతో వాడకం ఇంకా పెరిగింది. తర్వాత ఎవరో చెప్పారని తెరని నలుపు తెలుపులోకి మార్చాను. రంగుల్లేకపోతే మోజు పోతుందట. నలుపు తెలుపులో కత్తులు పాత సినిమాలా ఇంకా గంభీరంగా ఉన్నాయి.

చివరికి తోచిన ఉపాయం మోటుది. షాపులో ఫోను సొరుగులో పెట్టి, పని చేతిలో ఉన్నంతసేపూ తాళం వేసెయ్యడం. ఇంటికి రాగానే గుమ్మం పక్కన చెప్పుల బీరువాలో పడేసి తలుపు మూసెయ్యడం. పడగ్గదిలో అలారం కోసమే ఫోను కావాలని ఇన్నాళ్లూ వాదించాను కాబట్టి బల్లమీద పెట్టుకునే గడియారం ఒకటి కొన్నాను. అది మోగితే పక్కింటివాళ్లు కూడా లేచేవారు.

మొదటి రోజులు నరకం. సోఫాలో కూర్చుంటే చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లి ఖాళీగా తిరిగొచ్చేది. మంచినీళ్ల వంకతో లేచి చెప్పుల బీరువా దగ్గర తేలేవాణ్ణి. అక్కడ ఎవరైనా చూస్తే ఏదో ఒకటి చెయ్యాలి కదా. బూట్లు పాలిష్ చేసేవాణ్ణి.

"నాన్నా, మా స్కూల్లో నా బూట్లకి ప్రైజు ఇచ్చేలా ఉన్నారు" అంది మా అమ్మాయి.

మర్నాడు మామగారు బయటికి వెళ్లబోతూ ఆగి తన కాళ్లవైపు చూసుకున్నారు. "అల్లుడుగారూ, ఇవి రబ్బరు చెప్పులు. వీటికి పాలిష్ అక్కర్లేదు."

ఎక్కడలేని తీరిక మీద పడింది. దాన్ని ఏం చేసుకోవాలో తెలియక మా అమ్మాయి పక్కన కూర్చుని, "స్కూల్లో ఏంటి సంగతులు?" అన్నాను. అది నన్ను అనుమానంగా చూసింది. "నీకు ఒంట్లో బాలేదా?" అంది. నాలుగు రోజులు అడిగితే గాని అది ఒక సంగతి చెప్పలేదు. చెప్పడం మొదలుపెట్టాక ఆపలేదు. దాని స్నేహితురాలెవరో, మాట్లాడటం మానేసిందెవరో, ఎందుకు మానేసిందో. కథ చాలా చిక్కుగా ఉంది. మధ్యలో రెండుసార్లు దారి తప్పి, "ఆగు, ఈవిడెవరు?" అని అడగాల్సి వచ్చింది. అడిగినందుకు మురిసిపోయి మొదటికొచ్చి చెప్పింది.

మా ఆవిడ రోజూ సాయంత్రం ఫోన్ చేసేది. చెప్పుల బీరువాలోంచి రింగు వినిపిస్తే పరిగెత్తేవాణ్ణి. ఫోను ఇల్లంతా తిప్పితే దారిలో నా బుద్ధి మళ్లీ ఎక్కడికి పోతుందో నాకే నమ్మకం లేదు. అందుకని అక్కడే, బూట్లు వేసుకునే పీట మీద కూర్చుని మాట్లాడేవాణ్ణి. అక్కడ సిగ్నలు అంతంతమాత్రం. బొమ్మ కనిపించదు, మాట మాత్రం వినిపిస్తుంది. చూడటానికి ఎదురుగా గోడ తప్ప ఏమీ లేదు. చేసేది లేక విన్నాను.

ఒకరోజు తను ఒక పసిపాప గురించి చెప్పింది. పుట్టినప్పుడు రెండు అరచేతుల్లో సరిపోయేంత ఉందట. పాలు తాగే ఓపిక కూడా లేదట. ఆ వేళ మొదటిసారి తన వేలు పట్టుకుందట.

"గట్టిగా పట్టుకుందా?" అన్నాను.

లైను పోయిందేమో అనుకున్నాను.

"హలో? ఉన్నావా?"

"ఉన్నాను" అంది. "మీరు ప్రశ్న అడిగారు."

"అడక్కూడదా?"

"అడగొచ్చు. అలవాటు లేక." అని, "గట్టిగానే పట్టుకుందండీ. వదలలేదు" అంది. ఏ వేలో కూడా అడిగి తెలుసుకున్నాను. మామగారు హాల్లో టీవీ చప్పుడు తగ్గించి, చప్పుడు చెయ్యకుండా లోపలి గదిలోకి వెళ్లిపోయారు.

అంతటితో నేను మహాత్ముణ్ణయిపోయానని అనుకోకండి. ఐదో వారం చివర ఆదివారం నాడు, అందరూ నిద్రపోతుంటే, చెప్పుల మధ్య నేల మీద చతికిలబడి మధ్యాహ్నమంతా గొడ్డళ్లు చూశాను. లేచేసరికి కాళ్లు తిమ్మిరెక్కాయి. నాకు నేనే సిగ్గుపడి, ఇంట్లో మొద్దుబారిన కూరగాయల కత్తి తీసి పదునుపెట్టాను. అన్ని వందల వీడియోలు చూసినవాణ్ణి, మొదటి గీతకే వేలు కోసుకున్నాను.

ఆవిడ తిరిగొచ్చే రోజు వచ్చింది. ఎలా ఎదురెళ్లాలో ముందురోజు నుంచే ఆలోచించాను. బస్సు దిగగానే ఆవిడకి ఖాళీ చేతులతో కనిపించాలి. అందుకని ఫోను ఇంట్లోనే వదిలేసి గంట ముందే బస్టాండుకి వెళ్లి నిలబడ్డాను. చెప్పిన టైముకి బస్సు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. వచ్చిన ప్రతి బస్సు గుమ్మం దగ్గరికీ పరిగెత్తి, దిగినవాళ్లందరి మొహాలూ చూశాను. ఒకావిడ హ్యాండ్‌బ్యాగు గుండెకి హత్తుకుంది.

చీకటిపడ్డాక నీరసంగా ఇంటికొచ్చాను. మా ఆవిడ హాల్లో కూతురినీ తండ్రినీ చెరోపక్కన కూర్చోబెట్టుకుని టీ తాగుతోంది. దారిలో రోడ్డు మరమ్మతని బస్సుని ఊరి అవతలే ఆపేశారట. అక్కడినుంచి టాక్సీలో వచ్చిందట. ఆ సంగతి చెబుదామని నాకు ఎన్నిసార్లు ఫోన్ చేసిందో.

"బయటికెళ్తూ ఫోను తీసుకెళ్లాలి కదండీ" అంది.

మా అమ్మాయి మళ్లీ సోఫా మీద పడిపోయింది. మామగారు మర్యాదకోసం దగ్గు తెచ్చుకున్నారు.

"ఇంతసేపూ అక్కడ ఏం చేశారు?" అంది మా ఆవిడ.

చెప్పాను. జిప్పు ఊడిపోయిన సంచీతో ఒక ముసలాయన వచ్చాడు. లోపలివన్నీ ప్లాట్‌ఫారం మీద పడ్డాయి. నేనూ, టికెట్లిచ్చే అమ్మాయీ, ఒక కుస్తీ పహిల్వానూ కలిసి ఏరాం. పహిల్వాను తన నడుముకున్న బెల్టు తీసి సంచీకి కట్టాడు. కట్టాక ఒక చేత్తో పాంటు పట్టుకుని బస్సెక్కాల్సి వచ్చింది.

మా ఆవిడ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. "మీరు ఇంత మాట్లాడతారని తెలిస్తే ఆ ట్రైనింగుకి పోయినేడే వెళ్లేదాన్ని" అంది. తర్వాత కప్పు పక్కన పెట్టి, నా వేలికున్న కట్టు విప్పి చూసి, మందుల డబ్బా తెమ్మని కూతుర్ని లోపలికి పంపింది.