ఇద్దరిదీ థైరాయిడే

ఆ ఇంట్లో అత్తాకోడళ్లిద్దరికీ థైరాయిడే. అత్తగారికి పదేళ్లుగా ఉంది. కోడలికి కడుపుతో ఉన్న మూడో నెలలో బయటపడింది. "పోనీలే, జబ్బులోనైనా నా పోలిక వచ్చింది" అని అత్తగారు కాస్త మురిసిపోయింది కూడా.

కోడలు ఇంట్లోనే కూర్చుని దర్జీ కొట్టుకు చొక్కాల కాజాలు కుడుతుంది. కూర్చుంటుందన్న మాటేగాని ఒకచోట నిలవదు. తిన్నది ఒంటికి పట్టదు. అందరూ దుప్పటి కప్పుకుంటే ఆమెకు ఫ్యాను కావాలి. అత్తగారు ముద్దుగా బొంగరం అని పేరు పెట్టింది. అది చలాకీతనం కాదని, మెడలో ఉన్న గ్రంథి హద్దు మీరి పనిచేస్తోందని డాక్టరమ్మ చెప్పాకే తెలిసింది. ఒక్కరోజు కూడా మాత్ర మానొద్దని, నెలనెలా రక్తపరీక్ష చేయించుకోవాలని ఆవిడ గట్టిగా చెప్పింది. చూస్తుండగానే దడ తగ్గింది, చేతి వణుకు పోయింది, ఒంటికి కాస్త కండ పట్టింది.

ఆరో నెలలో మాత్రలు అయిపోయాయి. తేవడానికి అత్తగారు వెళ్తే, ఆ రకం రావడానికి నాలుగైదు రోజులు పడుతుందన్నాడు మందుల షాపతను. కోడలికి చెప్పి కంగారు పెట్టడం దేనికనుకుంది అత్తగారు. తన దగ్గర సీసా నిండా ఉన్నాయి. అవీ థైరాయిడ్ మాత్రలేగా. రోజూ పొద్దున్నే ఒకటి తీసి మంచినీళ్లతో అందించింది. సూదిలో దారం ఎక్కించుకుంటూ కోడలు చూడకుండానే మింగేసింది.

ఐదో రోజు పొద్దున మాత్ర అందుకోకముందే కోడలు సూది పక్కన పెట్టేసింది.

"అత్తయ్యా, దారం ఎక్కట్లేదు. చెయ్యి మళ్లీ వణుకుతోంది."

"నిద్ర చాలక అయ్యుంటుందిలే. మాత్ర ఇస్తూనే ఉన్నాగా."

"ఏదీ, ఆ సీసా ఒకసారి ఇలా ఇవ్వండి." పేరు చదివి కోడలు తలెత్తింది. "ఇవి మీవి కదా?"

"నావైతే ఏం, నీవైతే ఏం. ఇద్దరిదీ థైరాయిడేగా."

"మీ గ్రంథి చాలినంత పనిచెయ్యదత్తయ్యా, అందుకని మీకు ఎక్కిస్తారు. నాది అతిగా చేస్తుంది, నాకు దించాలి. నాలుగు రోజులుగా మీరు నాకూ ఎక్కిస్తున్నారు."

అత్తగారు కోడలి పొట్టకేసి చూసి, చెప్పులేసుకుంది.

ఆసుపత్రి బల్ల మీద కూర్చున్నంతసేపూ దేవుణ్ణి తలుచుకుంటూనే ఉంది. నీదే భారం అని రోజూ అనేదాన్నే, మరి నా చెయ్యి మధ్యలో ఎందుకు పెట్టాను? ఒక్క మాట డాక్టరమ్మను అడిగుంటే నా సొమ్మేం పోయేది? బిడ్డకేదైనా అయితే నిన్నడగాలా తండ్రీ, నన్ను నేనడుక్కోవాలా? అటునుంచి జవాబేమీ రాలేదు. నర్సు మాత్రం లోపలికి పిలిచింది.

డాక్టరమ్మ కోడలి పొట్ట మీద చిన్న పరికరం ఆనించింది. గదిలో టకటకమని శబ్దం మొదలైంది.

"నూట నలభై ఎనిమిది" అంది.

అత్తగారు గోడ పట్టుకుంది. "అంత వేగమా తల్లీ?"

"కడుపులో బిడ్డ గుండెకు అదే మామూలు. బాగుంది."

సాయంత్రానికి రక్తం రిపోర్టూ వచ్చింది. థైరాయిడ్ మోతాదు కాస్త పెరిగిందిగాని భయపడేంత కాదు. కోడలి మందు ఆసుపత్రిలోనే దొరికింది. ఇప్పుడే ఒకటి వేసుకోమని, రెండు వారాల్లో మళ్లీ రక్తం చూద్దామని చెప్పి డాక్టరమ్మ అత్తగారి వైపు తిరిగింది.

"ఆ నాలుగు మాత్రలతో బిడ్డకేమీ కాలేదు. ఈసారి మందు దొరక్కపోతే నాకు ఫోన్ చెయ్యండి."

"తప్పు నాదేనమ్మా. కానీ రెండు జబ్బులకూ ఒకటే పేరైతే మాలాంటివాళ్లకు ఎలా తెలుస్తుంది?"

"థైరాయిడ్ జబ్బు పేరు కాదండీ, గ్రంథి పేరు. అందరికీ ఉంటుంది."

"మీక్కూడానా?"

"నాకూ ఉంది. బుద్ధిగా ఉంది."

కోడలు నవ్వు ఆపుకోలేకపోయింది. బయటికొచ్చాక కూడా నవ్వుతూనే ఉంది. అత్తగారు మాత్రం మెట్ల మీద కూలబడి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"అంతా బాగుందన్నారుగా, ఇంకా ఏడుపెందుకు?"

"బాగుంది కాబట్టే ఏడుస్తున్నానే. లేకపోతే నీ ముందు ఏడ్చే మొహం కూడా ఉండేది కాదు నాకు."

కోడలు మెల్లగా ఆమె పక్కనే కూర్చుని, ఆ ఏడుపు తీరేదాకా ఆగింది.