ఆయనగారి నంబరు

గుడ్ల పెంకు తీస్తుంటే మా ఆయన వంటింట్లోకి తొంగి చూసి, "పచ్చసొన పారేయకు, హార్మోన్ తయారయ్యేది దాంతోనే" అన్నాడు. నేనెప్పుడు పారేశాను? ఆయన జిమ్‌లో చేరినప్పటి నుంచి నా పొద్దులన్నీ ఆ గుడ్లకీ, నానబెట్టిన గింజలకీ, జింకు మాత్రకీ అంకితం. పంచదార ఇంట్లోకి రాకూడదు కాబట్టి నా కాఫీ కూడా చేదే. ఆదివారం ఆయన తుంటికి సూది వేసేదీ నేనే. బలానికట, జిమ్ కోచ్ తెప్పించి ఇస్తాడు. నెలనెలా రక్తపరీక్ష. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ నంబరు పెరిగిందంటే చాలు, ఆఫీసంతా చాటుకుంటాడు.

ఇంత మగతనం ఉన్న ఇంట్లో పిల్లలు లేకపోతే తప్పెవరిది? నాదే. "నేల బాగుంటేగా విత్తనం మొలిచేది" అని అత్తయ్య నా మొహం మీదే అంటుంది. నాకు చేయని పరీక్ష లేదు. ఒకసారి మత్తిచ్చి పొట్టలోకి గొట్టం పెట్టి చూశారు. ఏమీ దొరకలేదు. దొరకలేదు కాబట్టి సోమవారం మళ్లీ ఆ ఆపరేషనే చేసి చూస్తారట. ఆయన్ని ఆ ఒక్క వీర్యపరీక్షకు రమ్మంటే, "నా నంబరు చూశావుగా, ఇంకేం పరీక్ష?" అని నవ్వేశాడు. పిచ్చిదాన్ని, నేనూ నమ్మాను.

ఇవాళ ఆసుపత్రికి ఒక్కదాన్నే వెళ్లాను. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ, "ఆయనేమైనా మందులు వాడతారా?" అని అడిగింది. నేను మహా గొప్పగా గుడ్ల దగ్గర్నుంచి మొదలుపెట్టాను. సూది దగ్గరికొచ్చేసరికి ఆవిడ రాయడం ఆపేసింది.

"అది టెస్టోస్టిరానేనమ్మా. బయట్నుంచి వేస్తుంటే ఒంట్లో వీర్యకణాలు తయారవడం ఆగిపోవచ్చు. నంబరు బాగానే ఉంటుంది, పిల్లలే పుట్టరు. ముందు ఆయన్ని తీసుకురండి. సోమవారం మీ ఆపరేషన్ ఉంచాలో వద్దో ఇవాళే ఇక్కడికి ఫోన్ చేసి చెప్పండి."

 ఆ సూదులన్నీ వేసింది నేనే.

ఇంటికొచ్చి గది తలుపేసి ఆయనకి చెప్పాను. మొహంలో ఆశ్చర్యమే లేదు.

"కోచ్ ఎప్పుడో అన్నాడులే. మానేస్తే నంబరు పడిపోతుంది. ముందు నీ ఆపరేషన్ కానివ్వు. అమ్మ దగ్గర మాత్రం ఎత్తకు."

తెలుసన్నమాట! నన్ను బల్ల మీద పడుకోబెట్టి మత్తిచ్చిన రోజు కూడా ఆయనకు తెలుసు. 

భోజనాల దగ్గర అత్తయ్య కొడుకునే అడిగింది.

"ఏమందిరా డాక్టరు?"

"సోమవారమే ఆపరేషన్" అన్నాడు, కంచంలోంచి తలెత్తకుండా.

"ఈసారైనా దీని లోపమేంటో తేలితే బాగుండు."

ఆయన మంచినీళ్లు తాగాడు. ఒక్క మాటైనా అంటాడేమోనని గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను.  ఇంకాస్త కూర వెయ్యమని కంచం నా వైపు జరిపాడు.

గరిటె గిన్నెలో పడేసి, అక్కడే నిలబడి ఆసుపత్రికి ఫోన్ చేశాను. సోమవారం నా ఆపరేషన్ వద్దన్నాను. "ఏమిటే ఇది!" అంటూ అత్తయ్య లేచింది. అవతల అమ్మాయి ఎందుకని అడిగింది. ఆయన ఎంగిలి చెయ్యి వద్దు వద్దన్నట్టు ఊపుతున్నాడు. ఆయన్నే చూస్తూ, అత్తయ్యకి కూడా వినపడేలా చెప్పాను.

"పేషెంటు నేను కాదండి, మా ఆయన. పేరు మార్చి రాసుకోండి."